అటకమీది కంప్యూటరు

భోగి పండుగకు ముందు కృష్ణా మండలమున ఇల్లిల్లును బూజు దులుపుకొనును. అటకమీది సామాను క్రిందికి దిగును. విరిగిన పీట, చిల్లుపడిన గుండిగ, పిల్లల పాత పుస్తకములు, వీనితోపాటు ఇటీవల మరియొక వస్తువు కూడ దిగుచున్నది. అది పసుపువన్నెకు తిరిగిన పాత కంప్యూటరు. దానిని భోగిమంటలో వేయుటకు వీలులేదు గనుక పాతసామానువాని తక్కెడకు ఎక్కింతురు. ఇంటిలో ఒకడు అమ్మవలదని అడ్డుపడినచో తక్కినవారు వానిని చూచి నవ్వుదురు.

పాత నాణెములు కూడబెట్టువానిని లోకము పండితుడనును. తపాలా బిళ్ళలు అతికించుకొనువానిని రసికుడనును. తాతలనాటి గ్రామఫోను ముందుగదిలో నుంచినచో వచ్చినవారెల్లరు తడిమి చూచి మెచ్చుకొందురు. కంప్యూటరునకు మాత్రము ఈ మర్యాద దక్కలేదు. పురావస్తువనిపించుకొనుటకు దానికి వయస్సు చాలదు, పనికివచ్చుటకు వయస్సు మించినది.

ఎవరు నవ్వినను బెజవాడ నవ్వరాదు. తెలుగు పుస్తకము చాలకాలము ఈ పట్టణముననే అచ్చయి ఊళ్ళకు ప్రయాణము కట్టినది. 1952లో విశాలాంధ్ర, 1960లో ఆంధ్రజ్యోతి ఇక్కడనే పుట్టిన పత్రికలు. ఏలూరు రోడ్డు పుస్తకపు అంగళ్ళ వెనుక గళ్ళపెట్టెల ముందు నిలుచుండి సీసపు అక్షరములను ఏరి కూర్చిన కంపోజిటర్ల శ్రమ ఉన్నది. 1990 దశకము ముగియునాటికి ఆ సీసము చాలవరకు పోయి దాని చోట కంప్యూటరు తెర వచ్చినది. సీసమునకు ధర పలుకును గనుక అదియు తూకమునకే పోయినది. అయితే ఈ రెండు నష్టములకును భేదమున్నది. సీసపు అక్షరములు అచ్చు ముగియగానే విడదీసి మరల గళ్ళలో వేసికొనునవి, వానియందు పుస్తకము మిగులదు. కంప్యూటరులో పుస్తకమే మిగులును.

మిగిలిన పుస్తకమును చదువుటయే కష్టము. ఆనాటి తెలుగు ఫాంటులలో 256 గళ్ళకు మించి స్థానము లేదు. అంత ఇరుకున తెలుగు లిపిని ఇమిడ్చుటకై అక్షరమును ముక్కలు చేసిరి. తలకట్టొక గడిలో, ఒత్తొక గడిలో, గుడి మరియొక గడిలో చేరినవి. ఏ ముక్క ఏ గడిలో నుండవలెనో ఒక్కొక్క సంస్థ తన ఇచ్చవచ్చినట్లు నిర్ణయించుకొన్నది. భారతీయ లిపులకు ఒకే సంకేత పద్ధతిని 1991లో భారత ప్రమాణముల సంస్థ ప్రకటించినది. ఆ సంవత్సరముననే వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోను తెలుగునకు స్థానము దొరకినది. కాని అచ్చుకూటముల బల్లలకు ఆ క్రమము చేరుటకు చాల ఏండ్లు పట్టినది. తత్ఫలితముగా ఆనాడు పేజ్‌మేకరులో కూర్చిన నవలను నేటి యంత్రమున తెరచినచో, ఆ ఫాంటు లేనియెడల, తెలుగునకు మారుగా ఇంగ్లీషు అక్షరములును, అర్థములేని గుర్తులును తెరమీద బారులు తీరును. నవల చెడిపోలేదు, దాని తాళపుచెవి మాత్రము పోయినది.

కొన్ని ఫాంటులను యూనికోడులోనికి మార్చు సాధనములు వచ్చిన మాట నిజమే. అవి పనిచేయవలెనన్నను ముందుగా ఆ ఫైలు ఫ్లాపీనుండి బయటపడవలెను. మూడున్నర అంగుళముల ఫ్లాపీలో 1.44 మెగాబైట్లు పట్టును, అందులో ఒక నవల సుఖముగా కూర్చుండును. దానిని చదువు డ్రైవు నేటి కంప్యూటర్లలో లేదు. అటకమీద నున్నది.

పుస్తకము అచ్చయి గ్రంథాలయములో నుండగా ఫైలుతో పనియేమని కొందరందురు. అచ్చయినవానికి ఆ మాట కొంతవరకు చెల్లును. మరల అచ్చు వేయుటకు మొదటినుండి టైపు చేయించి క్రొత్త తప్పులు కొనితెచ్చుకొనుట సుఖమనుకొన్నవారికి పూర్తిగా చెల్లును. కాని అచ్చుకాని నాటకము, రచయిత రెండవ కూర్పునకై దిద్ది పెట్టుకొని ముగింపక విడిచిన ప్రతి, ఊరి కవి తన ఖర్చుతో కూర్పించుకొని డబ్బుచాలక ఆపుకొన్న శతకము, వీనికి గ్రంథాలయములో చోటెక్కడ?

ఇంగ్లండులోని బ్లెచ్‌లీ పార్కున కంప్యూటర్ల ప్రదర్శనశాల యొకటి కలదు. అక్కడ 1951నాటి హార్వెల్ డెకట్రాన్ యంత్రమును బాగుచేసి 2012లో మరల నడపించిరి. అక్కడివారికి యంత్రమును దాచుట చాలలేదు, అది నడువవలెనని పట్టుపట్టిరి. ఇక్కడి కూడబెట్టువారు ముఖ్యముగా నేర్వవలసినది ఈ పట్టుదలనే. పది పెట్టెలు పేర్చుకొని, ఏ పెట్టె ఏ సంవత్సరముదో అతిథులకు ఏకరువు పెట్టి, ఒక్కదానికిని కరెంటు పెట్టని గృహస్థుని చూచి ఇంటివారు విసుగుకొన్నచో తప్పు ఇంటివారిది కాదు. డ్రైవు తిరుగు 486 ఒక్కటి ఆ పదింటికన్న మేలు.

నడపించుట ఈ డెల్టాలో తేలిక కాదు. ఏటి గాలి, బందరు వైపున సముద్రపు గాలి, వానకాలపు చెమ్మ కలసి ఫ్లాపీ పొరమీద బూజు పట్టించును. కొన్ని పాత మదరుబోర్డులమీద అతికిన నికెల్-కాడ్మియం బ్యాటరీ కాలక్రమమున కారి చుట్టునున్న రాగితీగెలను తినివేయును. అటకనెక్కించుటకు ముందు దానిని ఊడదీయనివారు యంత్రమును దాచినట్లు కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగరు ఇండ్లలోనికి వచ్చినప్పుడు నేలమీది వస్తువులు నీటిపాలైనవి. ఆ లెక్కన అటకయే మంచిది. కాని రేకు కప్పు క్రింది అటకలో వేసవి వేడి ప్లాస్టికును పెళుసుబార్చును. ఇంటిలోపలి గోడవైపు బీరువాలో పై అర అన్నిటికన్న నయము.

ఇక ఈ సంక్రాంతికి ఎవరి యింట ఫ్లాపీలు బయటపడినను, చూతమని వెంటనే డ్రైవులో పెట్టరాదు. మూలనున్న చిన్న బిళ్ళను జరిపి రంధ్రము తెరచినచో దానిమీద క్రొత్తగా వ్రాయుటకు వీలుండదు. ముందు ఆ పని చేయవలెను. పిదప లోహపు రేకును ప్రక్కకు జరిపి నల్లని పొరను వెలుతురులో చూడవలెను. తెల్లని మచ్చలు కనిపించినచో అది బూజు. అట్టిదానిని తిప్పినచో డ్రైవు తల మలినమై తరువాత పెట్టిన మంచి ఫ్లాపీ కూడ గీచుకొనిపోవును. మచ్చలేనివానిని మొదట చదివి, వెంటనే ప్రతి తీసికొని, మచ్చలున్నవానిని నిదానముగా తుడుచుటకు వేరుగా పెట్టుకొనవలెను.