పటముపై నాట, ప్రజలతో నాట

పిల్లలాడుకొను పటములనుగూర్చి వ్యాసము వ్రాయుట పనిలేనివాని పని యని కొందఱు పెద్దలు నవ్వవచ్చును. కాని ఆ పటములయెదుట నలవడిన చూపే నేలను పాలించువారికిని అలవడినదని నేను వాదించుచున్నాను. ఖానాపురం హవేలి మొదలు భద్రాచలపు టడవులవఱకు గల మన సీమవారికి ఈ మాట నవ్వులాట కాదు.

భూపటముపై నాడు ఆట యూరపులో వర్ధిల్లినది. 1645లో పియర్ దువాల్ అను ఫ్రెంచి భూగోళవేత్త లోకమును 63 గడులుగా జేసి యొక యాట ప్రకటించెను. అందు కడపటి గడి ఫ్రాన్సు. 1759లో లండనునందు జాన్ జెఫరీస్ యూరపుయాత్రను ఆటగా అచ్చువేయించెను. అందు గమ్యస్థానము లండను. ఎవని పటమున వాని రాజధానియే వైకుంఠము! 1824 నాటికి రైస్విట్జ్ అను ప్రష్యా సైనికోద్యోగి కల్పించిన యుద్ధపుటాట ఆ దేశపు సేనలో ప్రవేశించెను. పటముపై దిమ్మలు జరుపుట సైన్యాధికారులకు విద్య యయ్యెను. 1957లో ఆల్బర్ట్ లామొరిస్ అను ఫ్రెంచి చలనచిత్రకారుడు లోకమును జయించు ఆటను వెలువరించెను. అదియే అమెరికాలో రిస్కు అను పేరొందినది. అందు లోకమంతయు 42 ప్రదేశములు; భారతదేశము వానిలో నొకటి. ఆ గడిలో గోదావరి లేదు, కోయపల్లె లేదు. సేనను నిలుపుటకు చోటు మాత్రము కలదు.

“ఈ యాటలు పిల్లలకు దేశముల పేరులు నేర్పును గదా, దోషమేమి?” అందురు. పేరులు నేర్పుమాట నిజమే. దానితోపాటు మఱియొక పాఠమును నేర్పును. గడి యెల్లప్పుడు ఖాళీ యనియు, పాచిక కలిసివచ్చినవానికి అది చెల్లుననియు, అందున్నవాని నడుగ నక్కఱలేదనియు నేర్పును. అమెరికా వనిత ఎలిజబెత్ మాగీ భూమిని గుత్తకు గొనువారివలని కీడును చూపుటకే యొక యాటను కల్పించి 1904లో హక్కుపత్రము పొందెను. ఆ తెగ ఆటయే రూపు మాఱి 1935లో మొనాపలీ యై, పొరుగువానిని దివాలా తీయించినవాని కిరీటము పెట్టినది. మన యిండ్లలో వ్యాపారమను పేర నగరములను కొనుచు పిల్లలాడునది దాని సంతతియే.

ఇక మన నేలను చూడుడు. 1953లో వరంగల్లునుండి విడదీసి ఖమ్మము జిల్లా నేర్పఱచిరి. 1959లో తూర్పుగోదావరినుండి భద్రాచలము, నూగూరు తాలూకాలను తెచ్చి దీనిలో జేర్చిరి. 2014లో పోలవరపు ముంపు కారణముగా 7 మండలములకు జెందిన గ్రామములను ఆంధ్రప్రదేశమున గలిపిరి. 2016లో మిగిలినదానిని చీల్చి భద్రాద్రి కొత్తగూడెము జిల్లా చేసిరి. కోయ కదలలేదు, కొండరెడ్డి కదలలేదు, గీత కదలినది. నేడు భద్రాచలము పట్టణము తెలంగాణమున నున్నది. దాని నానుకొనియున్న ఎటపాక, పురుషోత్తపట్నము మఱియొక రాష్ట్రమున నున్నవి. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాటగా, వరదకు గీత తెలియలేదు. తమను మరల తెలంగాణమున గలుపుడని పొరుగు పంచాయతీల జనులు మొఱపెట్టిరి.

“లక్షలమందికి నీరిచ్చు ప్రాజెక్టుకు అడ్డుపడుదువా?” అని నన్ను గద్దింపవచ్చును. నీటితో నాకు తగవు లేదు, ఆటనియమముతోనే తగవు. రాజ్యాంగపు మూడవ యధికరణము ప్రకారము రాష్ట్రముల యెల్లలు మార్చుటకు శాసనసభ యభిప్రాయము నడిగిన చాలును, పల్లె యభిప్రాయ మక్కఱలేదు. షెడ్యూలు ప్రాంతములలో భూమి సేకరింపబోవుటకు ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదింపవలెనని 1996 నాటి చట్టము చెప్పుచున్నది. ఎకరము నేల తీసికొనుటకు అడుగవలసిన మనిషిని, అతని ఊరినంతను మఱియొక రాష్ట్రమునకు జరుపునపుడు అడుగ నక్కఱలేదట! ఇదియేమి న్యాయము?

మన పాత యాటలన్నియు నిర్దోషములని నేననను. వైకుంఠపాళిలో గవ్వ పడినట్లు పాము మ్రింగును. బుద్ధికి పనిలేదు, విధియే కర్త. అట్టి యాట నాడి పెరిగినవాడు గీత జరిగినను తలవ్రాత యనుకొనును. పులిజూదము దానికంటె మేలు. అందు పులులు మూడు, మేకలు పదునైదు. ఒంటరి మేక పులినోట బడును. కలసి నిలిచిన మేకలు పులిని కదలనీయవు. గుడిమండపముల బండలపై చెక్కిన యీ యాటను మన పెద్దలు ఊరక చెక్కలేదు.

ఉపాధ్యాయులారా! మున్నేటినుండి గోదావరివఱకు మన సీమపటమును పిల్లలచేతనే గీయింపుడు. ప్రతిగడిలోను ఊరి పేరు, వాగు, వారపుసంత, అక్కడ నెవరు ఏ పంట పండింతురో వ్రాయింపుడు. గడిలోనివాని మాట వినక యే గీతను జరుపరాదను నొక్క నియమము పెట్టుడు. ఆ నియమముతో నాడి పెరిగిన పిల్లలు రేపు కచేరీలలోను శాసనసభలలోను కూర్చుందురు. అప్పుడు వారి ముందఱ పఱచిన పటమున మనుష్యులు కనబడుదురు.