అప్‌డేట్ మోత ఆపండి.. అప్‌డేట్ మాత్రం ఆపకండి



ఈసారి యూరియా గురించి కాదు, పత్తి రేటు గురించీ కాదు. మన జేబులో ఉన్న ఫోన్ గురించి. పోస్టు పెద్దదే, ఓపికగా చదవండి. ఇందులో నా డబ్బు పోయిన సంగతి ఉంది, మా వీధిలో ఇంకొకాయన డబ్బు పోయిన సంగతీ ఉంది. మూడోది మీది కాకూడదనే రాస్తున్నా.

ముందు నాది చెప్తా.

2025-26 సీజన్‌లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాల్‌కి 8,110 రూపాయలు. ఆ ధరకి అమ్ముకోవాలంటే ఫోన్లో స్లాట్ బుక్ చేసుకోవాలి. ఆ రోజు పొద్దున్నే టీ కూడా తాగకుండా అరుగు మీద ఫోన్ పట్టుకుని కూర్చున్నా. నంబరు కొట్టా. ఓటీపీ కోసం చూస్తున్నా. సరిగ్గా అప్పుడే స్క్రీన్ మధ్యలోకి ఒక డబ్బా వచ్చి పడింది. సిస్టమ్ అప్‌డేట్ సిద్ధంగా ఉందట. అప్పటికి పదిహేను రోజుల్నించీ అదే గోల. రోజుకి రెండుసార్లు, మూడుసార్లు. 'తర్వాత' నొక్కీ నొక్కీ విసిగిపోయి ఉన్నా. ఆ తొందర్లో ఏది నొక్కానో చూసుకోలేదు. ఫోన్ ఆరిపోయింది. నల్ల తెర, కంపెనీ బొమ్మ, కింద శాతం లెక్క. నలభై నిమిషాలు. ఫోన్ మళ్ళీ లేచేసరికి స్లాట్లు అయిపోయాయి.

తర్వాతి స్లాట్ దాకా ఆగుదామంటే తీత కూలీలు డబ్బులకి ఇంటి ముందుకొచ్చారు. పైగా మబ్బు పట్టింది. తేమ 12 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. చేసేది లేక తొమ్మిది క్వింటాళ్ళు బయటి వ్యాపారికి 6,700 లెక్కన ఇచ్చేశా. మీరే లెక్కేసుకోండి. 12 వేలకు పైనే నష్టం. ఒక్క వేలు తప్పుగా పడ్డందుకు.

ఇంట్లో వాళ్ళు నన్నే తిట్టారు, చూసి నొక్కొద్దా అని. ఒప్పుకుంటా, వేలు నాదే. కానీ పదిహేను రోజుల పాటు చెవి దగ్గర డప్పు కొట్టి, పదహారో రోజు "ఎందుకు ఉలిక్కిపడ్డావ్" అంటే ఏం న్యాయం?

ఇప్పుడు రెండో సంగతి. ఇది నాదానికంటే పెద్దది.

మా వీధిలో నాకు అన్న వరసయ్యే ఒకాయన. ఎకరంన్నర మిర్చి. వాట్సాప్ గ్రూపులో పీఎం కిసాన్ పేరుతో ఒక ఫైలు వచ్చింది. చివర ఏపీకే అని ఉంది. గ్రూపులో తెలిసినవాడే పంపాడు (వాడి ఫోను అప్పటికే దొంగల చేతిలో ఉందని తర్వాత తెలిసింది). ఈయన నొక్కాడు. తెర మీద ఏమొచ్చిందో తెలుసా? 'అప్‌డేట్ చేయండి' అని వచ్చింది. అచ్చం రోజూ వచ్చేదానిలాగే. ఈయన రోజూ చూసేదే గదా అని నొక్కాడు. మెసేజీలు చదవడానికి అనుమతి అడిగితే దానికీ నొక్కాడు. ఇక ఓటీపీలన్నీ నేరుగా దొంగకే. తెల్లారేసరికి ఖాతాలోంచి 46 వేలు వెళ్ళిపోయాయి. పురుగుమందు కొట్టు బాకీ తీర్చడానికి పెట్టుకున్న డబ్బు. 1930 నంబరుకి ఫోన్ చేయాలని ఎవరూ చెప్పలేదు. చెప్పేసరికి రెండో రోజు అయింది.

ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూడండి. నేనూ ఆయనా చేసింది ఒకటే. చదవకుండా నొక్కాం. ఎందుకు చదవలేదు? రోజూ వచ్చేదాన్ని ఎవరూ చదవరు కాబట్టి. 'నాన్నా పులి' కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. అందులో కుర్రాడు రెండుసార్లు అబద్ధం అరిచేసరికే తండ్రి రావడం మానేశాడు. మన ఫోను రోజుకి మూడుసార్లు అరుస్తోంది. అసలు పులి వచ్చినప్పుడు మనకేం తెలుస్తుంది?

అందుకే నేను చెప్పేది ఒకటే. ఈ మోత చిరాకు మాత్రమే కాదు, ప్రమాదం కూడా. ఏదో ఒకటి నొక్కి వదిలించుకోవడం మన వేలికి అలవాటు చేస్తోంది. ఆ అలవాటు మీదే దొంగ బతుకుతున్నాడు. కాబట్టి మోత ఆపేయండి.

ఇక్కడ ఇద్దరితో నాకు పేచీ ఉంది.

మొదటివాడు "అప్‌డేట్లన్నీ పూర్తిగా ఆపేయ్ బాబాయ్, పాత వెర్షనే మంచిది" అనేవాడు. సెల్ షాపు కుర్రాళ్ళలో, యూట్యూబ్ వీడియోల్లో వీళ్ళు బాగా ఉన్నారు. వీళ్ళ మాటలో కొంత నిజం లేకపోలేదు. 3 జీబీ ర్యామ్ ఉన్న పాత ఫోనుకి పెద్ద వెర్షన్ వేస్తే నత్తలా నడుస్తుంది, నేనూ పడ్డా. కానీ అప్‌డేట్‌లో రెండు రకాలున్నాయని వీళ్ళు చెప్పరు. ఒకటి ఆండ్రాయిడ్ 13 నుంచి 14కి మారడం లాంటి పెద్దది. రెండోది సెక్యూరిటీ ప్యాచ్, చిన్నది. తాళంలో దొంగలు కనిపెట్టిన సందుని పూడ్చేది అదే. 2015లో స్టేజ్‌ఫ్రైట్ అని ఒక లోపం బయటపడింది. మనం ఏదీ నొక్కకపోయినా, ఒక వీడియో మెసేజ్ పంపి ఫోన్లో దూరగలిగేంత లోపం. దాని తర్వాతే గూగుల్ నెలనెలా సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ ఫోన్లోనే మన ఫోన్‌పే ఉంది, బ్యాంకు ఉంది, ఆధార్ ఓటీపీ వస్తుంది. గట్టుకి గండి పడితే పూడ్చం అని ఎవడన్నా అంటాడా?

రెండోవాడు "వచ్చిందల్లా నొక్కెయ్, కంపెనీకి తెలీదా" అనేవాడు. వీడు చదువుకున్నవాడు, ఇంట్లో వైఫై ఉన్నవాడు. మనకి రోజుకి ఒకటిన్నర జీబీ. పెద్ద అప్‌డేట్ ఒక్కటి పడితే ఆ రోజు డేటా అంతా అయిపోతుంది. ఇక వాన కబురు చూసుకునేదెలా, మార్కెట్ రేటు తెలిసేదెలా? మందు మంచిదే అనుకోండి, గాలి తోలేటప్పుడు కొడతామా? టైము చూసి కొడతాం. ఇదీ అంతే.

సరే, చేయాల్సింది చెప్తా. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. ఫోను ఫోనుకీ పేర్లు కొంచెం మారతాయి.

1. అప్‌డేట్ నోటిఫికేషన్ వచ్చినప్పుడు దాని మీద వేలు గట్టిగా అదిమి పట్టుకోండి. అది ఏ యాప్ నుంచి వచ్చిందో చూపించి, ఆపే మీట ఇస్తుంది. ఆపేయండి. ఆపనివ్వకపోతే 'సైలెంట్' పెట్టండి.

2. అక్కడ కుదరకపోతే సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్ళి, పైన మూడు చుక్కలు నొక్కి 'షో సిస్టమ్' అనండి. 'సాఫ్ట్‌వేర్ అప్‌డేట్' లేదా 'సిస్టమ్ అప్‌డేట్' పేరుతో ఉన్నదాన్ని తెరిచి నోటిఫికేషన్స్ ఆపండి. కొన్ని ఫోన్లలో ఇది గూగుల్ ప్లే సర్వీసెస్ లోపల ఉంటుంది. అక్కడ అప్‌డేట్ అన్న ఒక్క వరసే ఆపండి. ప్లే సర్వీసెస్ మొత్తాన్ని 'డిసేబుల్' చేశారో, సగం యాప్‌లు మొరాయిస్తాయి.

3. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పేజీలో దానంతటదే డౌన్‌లోడ్ అయ్యే మీట ఉంటే ఆపేయండి, లేదా వైఫై ఉన్నప్పుడే అని పెట్టండి.

4. బిల్డ్ నంబరు ఏడుసార్లు కొట్టి డెవలపర్ ఆప్షన్స్ తెరవమని కొందరు చెప్తారు. వద్దు. అక్కడున్న మీట నోటిఫికేషన్‌ని ఆపదు. ఫోన్ ఆపి ఆన్ చేసినప్పుడు అప్‌డేట్ దానంతటదే ఎక్కకుండా చూస్తుంది, అంతే. పైగా డెవలపర్ ఆప్షన్స్ తెరిచి ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు పనిచేయవు.

5. ఇది అన్నిటికంటే ముఖ్యం. సెట్టింగ్స్‌లో 'ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్' అని వెతకండి. వాట్సాప్‌కి, క్రోమ్‌కి, ఫైల్స్‌కి అది ఆగి ఉండాలి. మా అన్న ఫోన్లో వాట్సాప్‌కి తెరిచే ఉంది. అది మూసి ఉంటే ఆ ఏపీకే దానంతట లోపలికి దిగేది కాదు. అనుమతి ఇమ్మని మళ్ళీ అడిగేది, ఆయన ఒక్క క్షణం ఆగి ఆలోచించేవాడు.

మోత ఆగింది. మరి అప్‌డేట్ ఎప్పుడు? దీనికి నేనొక లెక్క పెట్టుకున్నా. అమావాస్య. ఆ రోజు ఎలాగూ మనం అరక కట్టం. నెలకోసారి వస్తుంది, ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. ఆ రాత్రి అన్నం తిన్నాక, రోజు డేటాలో మిగిలింది ఉండగానే, ఛార్జింగ్ పెట్టి, సెట్టింగ్స్‌లోకి నేనే వెళ్ళి అప్‌డేట్ ఉందేమో చూస్తా. అబౌట్ ఫోన్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ ఉంటుంది, అది చూస్తా. చిన్న ప్యాచ్ అయితే అప్పుడే వేసేస్తా. పెద్ద వెర్షన్ అయితే ముందు పట్టాదారు పాసుపుస్తకం ఫోటోలు, పిల్లల ఫోటోలు వేరే చోట దాచి, గుడ్ మార్నింగ్ బొమ్మలన్నీ తీసేసి, పని ఒత్తిడి లేని వారం చూసి వేస్తా. నీటి వంతు మనం పెట్టుకున్నట్టే ఇదీ.

దీనివల్ల ఇంకో లాభం ఉంది. ఇకమీదట "అప్‌డేట్ చేయండి" అని ఏది మీ ముందుకొచ్చినా, అది మీరు వెళ్ళి అడిగింది కాదు కాబట్టి అనుమానించొచ్చు. ఫోన్ సిస్టమ్ అప్‌డేట్ వాట్సాప్‌లో రాదు, మెసేజ్ లింకులో రాదు. ఫోన్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. ట్యాగ్ చూడకుండా విత్తనం ప్యాకెట్ కొనం గదా. బజార్లో ఎవడో చేతిలో పెట్టిన విత్తనం వేస్తే ఏమవుతుందో మనకి తెలియంది కాదు.

చివరగా కంపెనీలకి ఒక మాట. గూగుల్ పిక్సెల్ 8కి, శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24కి ఏడేళ్ళ పాటు అప్‌డేట్లు ఇస్తామని వాటిని తయారుచేసినవాళ్ళే ప్రకటించారు. అవి మనం కొనే ఫోన్లు కాదు. మనం కొనే పదివేల ఫోనుకి అంతకాలం ఇవ్వరు. అంటే ఉన్నన్నాళ్ళు చెవి కోసుకున్నట్టు అరుస్తారు, తర్వాత ఒక రోజు చెప్పకుండా నోరు మూసుకుంటారు. అప్పుడు తాళం పాతదైపోయిందని మనకి చెప్పేవాడుండడు. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి ఒక రూల్ వచ్చింది. ఒక మోడల్ అమ్మకం ఆపేశాక కూడా కనీసం ఐదేళ్ళు అప్‌డేట్లు ఇవ్వాలని. వాళ్ళ డబ్బు డబ్బే, మన డబ్బు చిల్లపెంకులా?

పురుగుమందు డబ్బా మీద గడువు తేదీ వేస్తారు. ఫోన్ డబ్బా మీద కూడా అప్‌డేట్ల గడువు తేదీ పెద్ద అక్షరాల్లో వేయమని అడుగుదాం. సెక్యూరిటీ ప్యాచ్ వేరు, పెద్ద వెర్షన్ వేరు అని తెలుగులో విడివిడిగా చూపించమని అడుగుదాం. 'తర్వాత' అంటే రేపు కాదు, మేం చెప్పిన రోజు అని అడుగుదాం. డబ్బు పెట్టి కొన్నది మనం. అరక ఎప్పుడు కట్టాలో ఎద్దు చెప్పదు, రైతు చెప్తాడు.

ఈ రాత్రే పైన చెప్పిన ఐదో నంబరు పని చేయండి. మిగతావి రేపు చేసుకోవచ్చు, అది మాత్రం ఈ రోజే. ఇంట్లో అమ్మ ఫోన్లో, నాన్న ఫోన్లో కూడా చూడండి. డబ్బు పోయినట్టు అనిపిస్తే ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడొద్దు. మా అన్న సిగ్గుపడి ఒక రోజంతా ఇంట్లో కూడా చెప్పలేదు. పోయిన డబ్బు వెనక్కొచ్చే అవకాశం ఆ ఒక్క రోజులోనే పోయింది.

మీ ఫోన్లో ఏ మీట ఎక్కడుందో దొరక్కపోతే కామెంట్లో మోడల్ పేరు రాయండి. నాకు తెలిస్తే నేను చెప్తా, లేదంటే తెలిసిన తమ్ముళ్ళెవరైనా చెప్తారు.

ఉంటాను.
మీ సాటి రైతు