ముందు చక్రం తిరుగుతోందా?

సీజన్‌లో ట్రాక్టరు ఆగితే రైతుకు పోయేది రిపేరు ఖర్చు ఒక్కటే కాదు, అదును పోతుంది. మన ప్రొద్దుటూరు, చేవెళ్ల, మొయినాబాద్ వైపు కూరగాయలు, పూలు వేసే రైతులం ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు కొన్నాం, నడపడం నేర్చుకున్నాం. లోపం ఎక్కడుందో చూడడం మాత్రం నేర్చుకోలేదు.

పోయిన వానాకాలంలో మాలో ఒకరి బండికి ముందు చక్రాలు లాగడం మానేశాయి. యాక్సిల్ గేర్లు పోయాయన్నారు. బండి పదకొండు రోజులు షెడ్డులోనే ఉంది. కిరాయి బండితో దున్నించుకున్నాం. తీరా చూస్తే ఊడింది లివరు కింది లింకు పిన్ను. వేలెడంత పిన్ను!

ఈ పరీక్ష ఎవరైనా చేయవచ్చు. ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. ముందు చక్రం ఒక్కటే జాకీతో లేపి, కింద దిమ్మె పెట్టి, చేత్తో తిప్పండి. ఫోర్ వీల్ లివరు తీసి ఉంటే చక్రం తిరగాలి. వేస్తే కొద్దిగా కదిలి ఆగిపోవాలి. వేసినా తిరుగుతుంటే బండి కింద షాఫ్టును చూడండి. షాఫ్టు కూడా తిరిగితే లోపం లివరు, లింకు వైపు. షాఫ్టు కదలకుండా చక్రం ఒక్కటే తిరిగితే లోపం ముందు యాక్సిల్‌లో. ఈ మాట చెప్పగలిగితే మెకానిక్ అనవసరంగా అంతా విప్పడు.

బురద దున్నాక హబ్ దగ్గర ఆయిల్ కారితే సీలు చూడాలి. ఆయిల్ పాలలా తెల్లబడితే లోపలికి నీళ్లు పోయినట్టే; సీలు, ఆయిల్ రెండూ మార్చాలి. ఆలస్యం చేస్తే బేరింగులు పోతాయి.

కొన్ని లోపాలు మన చేతులారా తెచ్చుకున్నవే. ముందు చక్రాలు వెనుక వాటికంటే కాస్త ముందుకు లాగేలా గేర్లు అమర్చి ఉంటాయి. మెత్తటి నేలలో చక్రం కొంత జారి ఆ తేడా సరిపోతుంది. తారు రోడ్డు మీద జారదు, ఒత్తిడంతా గేర్ల మీద, జాయింట్ల మీద పడుతుంది, టైర్లు అరుగుతాయి. బీజాపూర్ రోడ్డు ఎక్కేముందు లివరు తీసేయండి. టైర్లు మారిస్తే పుస్తకంలో రాసిన సైజే వేయండి.

బాగుచేయించాక పాత పార్టు, బిల్లు రెండూ అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు టైర్లపై, చాలా విడిభాగాలపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. వారంటీలో ఉన్న బండిని మాత్రం సొంతంగా విప్పకండి.

2022 జులైలో కేంద్రం రిపేరు హక్కుపై కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలను అందులో చేర్చింది. అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచింది. పోర్టల్ చట్టం కాదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2023లో చట్టమే చేసింది. విడిభాగాలు, పనిముట్లు, మాన్యువల్ రైతుకు ఇవ్వాల్సిందేనంది. మనకూ అలాంటి చట్టం కావాలి. మాన్యువల్ తెలుగులో కావాలి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఊరికి ఇద్దరు యువకులకైనా ఈ పని నేర్పాలి.

అడగడం ఆపం. అప్పటిదాకా ఒక జాకీ, నాలుగు రాళ్లు సిద్ధంగా పెట్టుకుందాం.