కాకికి షాకు ఎందుకు కొట్టదు?

బాలలూ! వీధిలో కరెంటు తీగెమీద కాకులు బారులు తీరి కూచోవటం మీరు రోజూ చూస్తూనే వున్నారు. వాటికి షాకు కొట్టదేం? కాళ్ళకు చెప్పులైనా లేవు గదా!

జవాబు తెలియాలంటే ముందు వోల్టు, ఆంపియరు అనే రెండు మాటలు తెలియాలి. పెద్దవాళ్ళలో కూడా చాలామంది వీటిని కలగాపులగం చేస్తూ వుంటారు.

మేడమీద నీళ్ళతొట్టి వుందనుకోండి. అది ఎంత ఎత్తున వుంటే కింది కుళాయిలో నీళ్ళు అంత జోరుగా పడతాయి. కుళాయి కూడా తొట్టి ఎత్తునే వుంటే చుక్క రాదు. విద్యుచ్ఛక్తికీ ఇలాంటి ఎత్తుపల్లాలున్నాయి. ఆ తేడాను వోల్టులలో కొలుస్తారు. 1800లో మొదటి బ్యాటరీని లోకానికి వెల్లడించిన ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా పేర వచ్చిన మాట ఇది. మామూలు టార్చిలైటు సెల్లుకు ఒకటిన్నర వోల్టు వుంటుంది. మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టులు. ఇక, తీగెలో ఎంత విద్యుత్తు పారుతున్నదో చెప్పేది ఆంపియరు. దారిలో అడ్డు పెరిగితే ప్రవాహం తగ్గుతుంది. ఆ అడ్డుకు కొలత ఓము.

ఇప్పుడు కాకిని చూడండి. దాని రెండు కాళ్ళూ ఒకే తీగెమీద, అంటే ఒకే ఎత్తున వున్నాయి. తేడా లేనిచోట ప్రవాహమెక్కడిది? పెద్ద గబ్బిలం రెక్కలు చాచి ఒకేసారి రెండు తీగెలను తాకిందంటే మాత్రం చచ్చి వేలాడుతుంది.

మనం నేలమీద నిలబడతాం. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఒక తీగెను భూమిలోకి దించి వుంచుతారు. అందుచేత విద్యుత్తు తిరిగిపోవటానికి నేల కూడా దారే. కరెంటు వున్న తీగెను ముట్టుకుంటే మన ఒళ్ళే కాలువ అవుతుంది. పొడిచర్మం కొంత అడ్డుకుంటుంది గాని, తడిచర్మానికి ఆ బలం లేదు. 60 వాట్ల పాతరకం బల్బులో పారేది సుమారు పావు ఆంపియరు. అందులో సగమైనా అక్కర్లేదు, ఆంపియరులో పదోవంతు గుండెగుండా పోతే ప్రాణం తీయగలదు!

సంక్రాంతికి గాలిపటం చిక్కుకుంటే ఇనపకడ్డీతో లాగబోయే పిల్లలుంటారు. పైన పోయే తీగెలలో కొన్నిటికి 11,000 వోల్టులుంటాయి. కడ్డీ తగలనక్కర్లేదు, తగిలేటంత దగ్గరకు పోయినా విద్యుత్తు దూకుతుంది. వెదురుకర్ర అయితే ఫరవాలేదా అంటారేమో! తడి వుంటే వెదురూ దారి ఇస్తుంది. మంచుకు తడిసిన దారమూ అంతే.

ఇంట్లో ఫ్యూజు ఎందుకు పోతుందో వచ్చే నెల చెప్పుకుందాం.