వడ్డించేవాళ్ళది ఏ బంతి?

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఈ సామెత పుట్టించినవాళ్ళెవరో గాని వాళ్ళు ఎప్పుడూ వడ్డించి ఉండరు. తినేవాళ్ళకు మొదటి బంతి ఉంది, రెండో బంతి ఉంది, కడబంతి ఉంది. వడ్డించేవాళ్ళకు ఏ బంతీ లేదు. తొమ్మిదేళ్ళుగా వడ్డిస్తున్నదాన్ని కాబట్టి ఈ మాట అనగలుగుతున్నాను.

నేను పనిచేసేది అమీర్‌పేటకూ పంజాగుట్టకూ మధ్య ఒక గల్లీలో ఉన్న వృద్ధుల వసతిగృహంలో. అనాథ వృద్ధాశ్రమం కాదు, నెలనెలా డబ్బు కట్టి ఉండే చోటు. నలభైమంది ఉంటారు. భోజనాల హాలులో మేం నలుగురం ఆడవాళ్ళం. దాని పేరు రాయను. పేరు రాస్తే అది ఆ ఒక్క యజమాని తప్పవుతుంది. ఇది ఒక్కరి తప్పు కాదు.

పోయిన మాఘమాసంలో ఒక పెద్దాయనకు సహస్ర చంద్ర దర్శనం చేశారు. కొడుకు అమెరికా నుంచి వచ్చాడు. వందమందికి అరిటాకుల్లో భోజనం. పొద్దున ఐదింటికి వెళ్ళినదాన్ని సాయంత్రం నాలుగున్నర దాకా నిలబడే ఉన్నాను. చివర్లో ఆ కొడుకు మమ్మల్ని పిలిచి అందరి ముందూ, “మా నాన్నకు మీరే పిల్లలు. మీరు చేసేది ఉద్యోగం కాదు, సేవ” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం. అప్పటికి బూరెలు అయిపోయాయి. వంటింట్లో స్టవ్వు పక్కన నిలబడి సాంబారన్నం తిన్నాం.

సాయంత్రం మేనేజరు దగ్గరికి వెళ్ళి, “సార్, ఈరోజు ఎక్కువ గంటలు చేశాం, డబ్బులు రాసుకోండి” అన్నాను. ఆయన నవ్వి, “అంత పెద్దమనిషి అంత మంచి మాట అన్నాడు కదమ్మా. సేవకు లెక్కలు కడతారా?” అన్నాడు.

కడతాను. ఈ వ్యాసం ఆ లెక్క కోసమే.

పొద్దున ఆరున్నరకు కాఫీలతో మొదలైతే రాత్రి భోజనాలయ్యి బల్లలు తుడిచేసరికి ఎనిమిదిన్నర. మధ్యాహ్నం రెండు గంటలు రెస్టు అంటారు. ఆ రెస్టులో రాత్రికి కూరగాయలు తరగాలి. నెలకు రెండు సెలవులు. జీతం 12 వేలు. రోజుకు ఎనిమిది గంటలు, ఆ పైన చేస్తే రెట్టింపు కూలి అని చట్టం చెబుతుంది. మా గోడ మీద గడియారం ఉంది గాని అది కాఫీ టైము చెప్పడానికే.

ఈ పనిని ‘అన్‌స్కిల్డ్’ అంటారు. నైపుణ్యం అక్కర్లేని పనట. ఆ మాట అనేవాళ్ళు ఒక్క పూట మా హాలుకు రావాలి. నలభైమందిలో చక్కెర లేని కాఫీ ఎవరికి, ఉప్పు లేని పప్పు ఎవరికి, పళ్ళు లేనివాళ్ళలో అన్నం మెత్తగా పిసికి పెట్టాల్సింది ఎవరికి, ఇన్సులిన్ తీసుకున్నాక ఆలస్యం చేయకుండా ముందు పెట్టాల్సింది ఎవరికి – ఇదంతా మా తలలో ఉంటుంది. మజ్జిగ పలచగా ఉంటే ఎవరికి పొలమారుతుందో మాకు తెలుసు. నిన్న రెండు ఇడ్లీలు తిన్న మామ్మగారు ఈవేళ అర ముక్క వదిలేస్తే, ఒంట్లో బాగాలేదని డాక్టరు కంటే ముందు కనిపెట్టేది వడ్డించే మనిషే. అలా చెప్పి ఒకావిణ్ని పక్కనే ఉన్న నిమ్స్‌కు పంపించి బతికించుకున్నాం. ఆ రోజు కూడా మమ్మల్ని మెచ్చుకున్నారు. జీతం చీటీ మీద మాత్రం ‘హెల్పర్’ అనే ఉంది.

ఇంత పని నిలబడే చెయ్యాలి. హాలులో నలభై ఎనిమిది కుర్చీలున్నాయి. ఒకరోజు టిఫిన్లయ్యాక, హాలు ఖాళీగా ఉన్నప్పుడు, పది నిమిషాలు కూర్చున్నాను. కెమెరాలో చూసి ఒక పూట జీతం కోశారు. “రెసిడెంట్ల కుర్చీలో కూర్చుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?” అన్నారు. నా రెండు కాళ్ళలో నరాలు నీలంగా ఉబ్బి ఉన్నాయి. చూసేవాళ్ళకు అవి కనబడవు, చీర కిందికి ఉంటుంది కాబట్టి.

కేరళలో బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళు కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడారు. 2018లో అక్కడి షాపుల చట్టం సవరించి పనివాళ్ళకు కూర్చునే ఏర్పాటు ఉండాలని రాశారు. 2021లో తమిళనాడు కూడా రాసింది. ఫ్యాక్టరీల చట్టంలోనైతే 1948లోనే ఆ మాట రాశారు. మనిషికి కూర్చునే హక్కు చట్టంలో రాయాల్సి రావడమే సిగ్గుచేటు. రాయించుకోవడానికి ఆడవాళ్ళు రోడ్డెక్కాల్సి రావడం ఇంకా సిగ్గుచేటు.

ఈ ‘సేవ’ ఎవరి అవసరం కోసం పుట్టిందో చూద్దాం. మైత్రీవనం చుట్టూ, ఆదిత్య ఎన్‌క్లేవ్ మెట్ల మీద సాఫ్ట్‌వేర్ కోచింగు బోర్డులు చూడనివాళ్ళుండరు. అక్కడ కోర్సులు నేర్చుకుని ఎందరి పిల్లలో అమెరికా వెళ్ళారు. వాళ్ళ అమ్మానాన్నల్లో కొందరు అదే అమీర్‌పేటలో మా దగ్గర మిగిలారు. వాళ్ళకు అన్నం పెట్టడానికి మేం పాలమూరు నుంచీ, శ్రీకాకుళం నుంచీ మా అమ్మానాన్నల్ని వదిలి వచ్చాం. మా అత్తకు పక్షవాతం. ఊళ్ళో ఆమెకు అన్నం పెట్టేది పదిహేనేళ్ళ నా కూతురు. అందుకే దాని చదువు ఆగింది. డాలర్లు సంపాదించే కొడుకు చెయ్యాల్సిన పని ఒక్కో ఆడమనిషి చేతి నుంచి ఇంకో ఆడమనిషి చేతికి జారి, చివరికి ఒక ఆడపిల్ల పుస్తకాల సంచి మీద పడింది. దీన్ని పుణ్యం అంటారా?

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు అమీర్‌పేట హాస్టళ్ళు ఖాళీ చెయ్యమంటే పిల్లలంతా ఊళ్ళకు పోవడానికి అనుమతి పత్రాల కోసం పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరారు. మా దగ్గర తిరగబడింది. గేటుకు లోపల తాళం వేసి, “బయటికెళితే మళ్ళీ రావద్దు” అన్నారు. రెండు నెలలు అదే భోజనాల హాలులో నేల మీద పడుకున్నాం. నా బిడ్డ ముఖం ఫోనులోనే చూశాను. ఆ ఇరవైనాలుగు గంటల కాపలాకు ఇచ్చింది మామూలు జీతం, ఒక స్టీలు డబ్బా. అప్పుడూ సేవే అన్నారు.

‘సేవ’ అన్న మాట ఎలా పనిచేస్తుందో అంగన్‌వాడీ అక్కల్ని అడగండి. వాళ్ళకిచ్చేది జీతం కాదట, గౌరవ వేతనమట. 2023 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళు సమ్మెకు దిగితే, 2024 జనవరిలో ప్రభుత్వం వాళ్ళ మీద ఎస్మా పెట్టింది. ఎస్మా అంటే అత్యవసర సేవల చట్టం. జీతం అడిగితే అది స్వచ్ఛంద సేవ, పని ఆపితే అత్యవసర సేవ! ఒకే మాట రెండు వైపులా కోస్తుంది. వాళ్ళు 42 రోజులు నిలబడ్డారు. వాళ్ళు గ్రాట్యుటీకి అర్హులని 2022లోనే సుప్రీంకోర్టు చెప్పింది. గౌరవం పేరుతో వేతనం ఎగ్గొట్టడం కుదరదని చెప్పినట్టే కదా.

మా సంగతిలో ఇంకో మెలిక ఉంది. 1978లో బెంగుళూరు నీటిసరఫరా కేసులో సుప్రీంకోర్టు, సంస్థ ఉద్దేశం దానధర్మమైనా, అక్కడ యజమానికీ కూలికి పనిచేసేవాళ్ళకూ మధ్య సంబంధం ఉంటే దాన్ని పరిశ్రమగానే చూడాలంది. ఆ తీర్పును దాటడానికి 1982లో చట్టం సవరించి ధర్మసంస్థలను మినహాయించారు గాని ఆ ముక్కను అమలులోకి తేలేదు. ఇప్పుడు తెచ్చారు. 2025 నవంబర్ 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో, దాతృత్వ, సామాజిక, పరోపకార సేవ ప్రధానంగా చేసే సంస్థలు నడిపేవి పరిశ్రమలు కావని రాసి ఉంది. అంటే యజమాని బోర్డు మీద ‘ట్రస్టు’ అని రాసుకుని, మా పనికి సేవ అని పేరు పెడితే, రేపు నన్ను తీసేసినప్పుడు నేను వెళ్ళే తలుపు మూసుకుంటుంది. నెలకు ఒక్కొక్కరి దగ్గర 30 వేల పైన వసూలు చేసే చోటు ధర్మసంస్థ ఎలా అవుతుందో ఎవరూ అడగరు.

అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే ఎస్.ఆర్. నగర్ తర్వాతి స్టేషను పేరే ఈఎస్ఐ హాస్పిటల్. రెండు స్టేషన్ల దూరం. ఉబ్బిన నరాలు చూపించుకోవడానికి నేను అక్కడికి పోలేను, కార్డు లేదు. పదిమంది పనిచేసే సంస్థకు ఈఎస్ఐ ఉండాలి. మేం పంతొమ్మిదిమందిమి. పుస్తకంలో తొమ్మిదిమందే. నా 12 వేల జీతానికి ఈఎస్ఐ కింద నేను కట్టాల్సింది నెలకు 90 రూపాయలు, యజమాని కట్టాల్సింది 390. ఆ 390 రూపాయల కోసం పదిమందిని కాగితం మీద లేకుండా చేశారు.

భోజనాల హాలులో కులం లేదంటారు. నన్ను పనిలో పెట్టుకునేటప్పుడు మొదట అడిగింది అదే. చెప్పాక “సరే, ఫరవాలేదు” అన్నారు. ఆ ‘ఫరవాలేదు’ దాటి నేను హాలులోకి వచ్చాను. నాతో పాటు చేరిన మాదిగ చెల్లెలు నాకంటే చురుకైనది. నెల తిరక్కముందే ఎవరో బంధువు గొణిగారని ఆమెను బాత్రూములు కడగడానికి మార్చారు. అప్పుడు నేను నోరు మెదపలేదు. ఆ తప్పు నాది కూడా. ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

ఒక మగ రెసిడెంటు కంచం పెట్టేటప్పుడల్లా చెయ్యి పట్టుకునేవాడు, ఆపైన కూడా చేసేవాడు. చెబితే, “ముసలాయన, మతి సరిగా లేదు, తాత అనుకో” అన్నారు. ఆ మతి లేనాయన సూపర్‌వైజర్ మేడమ్ చెయ్యి ఎప్పుడూ పట్టుకోలేదు. పదిమంది పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 చట్టం. పుస్తకంలో తొమ్మిదిమందిమే కదా, కమిటీ కూడా లేదు.

ముసలివాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళు కట్టే డబ్బు మా చేతికి రావడం లేదని చాలామందికి తెలియదు. ఒక మామ్మగారికి చెబితే, “నేనూ అరవయ్యేళ్ళు వడ్డించానే. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిందే తిన్నాను. నాకెవరిచ్చారు జీతం?” అన్నారు. అంటే నేనూ అడగొద్దనే అన్నారేమో. కానీ ఆలోచిస్తే మా ఇద్దరిదీ ఒకటే ఫిర్యాదు. ఆమె ఇంట్లో చేసిన చాకిరికి ప్రేమ అని పేరు పెట్టారు, నేను బయట చేసే చాకిరికి సేవ అని పేరు పెట్టారు. ఆడవాళ్ళు పుట్టుకతోనే వడ్డించడానికి పుట్టారనుకునే సమాజంలో, వడ్డించడానికి జీతం అడిగితే దురాశగానే కనబడుతుంది.

డొక్కా సీతమ్మ గారి పేరు చెప్పి మాకు నీతులు చెబుతారు. ఆ తల్లి తన ఇంట్లో, తన ధాన్యంతో, తన ఇష్టంతో పెట్టింది. ఆమెకు మేనేజరు లేడు, కెమెరా లేదు, జీతం కోత లేదు. దానం చేసే హక్కు ఉన్నవాళ్ళది సేవ. మా శ్రమను మీరు దానం చెయ్యడం సేవ కాదు. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం వెట్టిచాకిరి కిందికే వస్తుందని 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు అంది. సరైన మాట అదీ.

జీతాలు పెంచితే ఫీజులు పెరుగుతాయి, పెన్షన్ మీద బతికే ముసలివాళ్ళు ఎక్కడికి పోతారంటారు. బియ్యం ధర పెరిగినప్పుడు, కరెంటు బిల్లు పెరిగినప్పుడు, భవనం అద్దె పెరిగినప్పుడు ఈ ప్రశ్న ఎవరూ వెయ్యరు. అవన్నీ ఖర్చులట, మేం మాత్రం దయట. నిజంగా కట్టలేని వృద్ధుల బాధ్యత ప్రభుత్వానిది. 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టంలోనే పేద వృద్ధుల కోసం జిల్లాకొక ఆశ్రమం మాట ఉంది. ఆ భారం 12 వేల జీతగత్తెల మీద వేసి ఊరుకోవడానికి వీల్లేదు.

మేం అడిగేవి పెద్దవేమీ కావు. నియామక పత్రం కావాలి. ఎనిమిది గంటల పని, వారానికొక సెలవు, పై గంటలకు రెట్టింపు కూలి. అందరి పేర్లూ పుస్తకంలో ఉండాలి, ఈఎస్ఐ, పీఎఫ్ కట్టాలి. ఎవరు వడ్డించాలో కులం తేల్చకూడదు. ఫిర్యాదుల కమిటీ ఉండాలి. కూర్చోవడానికి కుర్చీ కావాలి, వేడిగా ఉన్నప్పుడు అన్నం తినడానికి అరగంట కావాలి.

ఈ పత్రిక చదివే అక్కచెల్లెళ్ళకు ఒక మాట. రేపు మీ అమ్మనో నాన్ననో ఇలాంటి చోట చేర్చాల్సి వస్తే గది చూస్తారు, లిఫ్టు చూస్తారు, మెనూ చూస్తారు. ఆ అన్నం పెట్టేవాళ్ళకు ఈఎస్ఐ కార్డు ఉందా, వాళ్ళు ఎప్పుడు తింటారు, ఎక్కడ కూర్చుంటారు అని కూడా అడగండి. మీరు అడిగితే వాళ్ళు జవాబు చెప్పక తప్పదు, డబ్బు మీరు కడతారు కాబట్టి. మేం అడిగితే మా పని పోతుంది.

అయినా మేమూ అడగడం మొదలుపెట్టాం. మా గల్లీలో హాస్టళ్ళలో వడ్డించేవాళ్ళు, మెస్సుల్లో అంట్లు తోమేవాళ్ళు, మేమూ కలిసి మాట్లాడుకుంటున్నాం. బాత్రూములకు మార్చిన ఆ చెల్లెలే అందరినీ పోగుచేస్తోంది. వచ్చే సహస్ర చంద్ర దర్శనానికి మమ్మల్ని పొగడక్కర్లేదు. మాకూ విస్తళ్ళు వెయ్యండి. కూర్చుని తింటాం.