రోగి పలికిన భాషలో వ్రాయనిండు

హైటెక్ సిటీ మొదలుకొని ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వఱకు మేడలపై మేడలు లేపుచున్న కూలీలలో పాలమూరువారును, ఒడిశా, బీహారు ప్రాంతములవారును కలరు; పనిచోట వ్రేలు నలిగినను, నడుము పట్టినను, వారిలో పలువురికి కొండాపూర్ సర్కారు దవాఖానయో, గాంధీయో, ఉస్మానియాయో గతి. అట్టి రోగి యెదుట నిలిచినప్పుడు కలిగిన భావమును వైద్యవిద్యార్థి వ్రాసిపెట్టుట యిప్పుడు చదువులో భాగమైనది.

2018లో భారత వైద్యమండలి ప్రకటింపగా, 2019లో ఎం.బి.బి.ఎస్.లో చేరినవారినుండి అమలునకు వచ్చిన, వైద్యుని వైఖరి, నీతి, సంభాషణలను నేర్పుచు ఇట్లు వ్రాయించు ఎట్‌కామ్ పాఠములు, వైద్యుడగుట యననేమి, రోగియగుట యననేమి అను ప్రశ్నలతో మొదటి సంవత్సరముననే ఆరంభమగును. ఉద్దేశము మిక్కిలి శ్లాఘ్యము. కాని ఆ వ్రాత లాగ్‌బుక్కులో సంతకమునకై, ఇంటర్నల్ మార్కులకై నింపవలసిన పుటగా మాఱినచో, సీనియరు రికార్డు ముందు పెట్టుకొని నాలుగు ఆంగ్లవాక్యములు ఎత్తివ్రాయుటయే మిగులును. పరీక్షల భారమున నలుగు పిల్లలను అందులకు నిందింపజాలను.

సెంట్రింగు పనిలో వ్రేలు నలిగిన కూలీ నొకనిని తలచుకొందము. ఏ వ్రేలు, ఎంత గాయము, ఎముక విఱిగినదా లేదా అనునవి కేస్‌షీటులో నుండును. కట్టు కట్టించుకొనుచు అతడడుగునది వేఱు: "రేపు పనికి పోవచ్చా సారూ? పోకుంటె మేస్త్రి కూలి కోస్తడు." ఆ మాటకు కేస్‌షీటులో చోటు లేదు. దానిని ఉన్నదున్నట్లు వ్రాసుకొన్న విద్యార్థికి, పదిదినములు విశ్రాంతి తీసికొమ్మని చెప్పుటకు ముందు ఆ పదిదినములు ఇల్లెట్లు గడచునని యడుగవలెనను స్ఫురణ కలుగును. ఆంగ్లములోనికి మార్చి వ్రాసినచో ఆ దిగులు సగము జాఱిపోవును.

న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున రీటా షరాన్ అను వైద్యురాలు, ఆసుపత్రి పత్రములలో ఇమడని ఇట్టి సంగతులనే వాడుకమాటలలో వేఱుగా వ్రాయించి, శిష్యులచేత బిగ్గఱగా చదివించినది. మనయొద్ద డిచ్‌పల్లి కుష్ఠు వైద్యశాలలో చిరకాలము పనిచేసిన డాక్టరు కేశవరెడ్డి, పేదల బ్రదుకును వారి పలుకుబడితోనే నవలలలో నిలిపినాడు. అందఱును నవలాకారులు కానక్కరలేదు, చెవియొగ్గిన చాలును.

అట్లు చెవియొగ్గుట నేర్చుకొనుటకు తగినదిగా, ఖాజాగూడలో, ఐ.టి. కార్యాలయములకు కూతవేటు దూరమున, స్పర్శ్ హాస్పిస్ కలదు. వ్యాధి నయముకాని దశకు చేరిన క్యాన్సరు రోగులకు అచట ఉచితముగా ఉపశమన సేవ చేయుదురు. నయము చేయుటకు వీలులేనప్పుడును నొప్పి తగ్గించుట, పుండు కడుగుట, ప్రక్కన కూర్చుండుట వైద్యమే యని ప్రతి విద్యార్థియు అట్టిచోట కొన్నిదినములు గడపి తెలిసికొనవలెను.

తెలంగాణ వైద్యకళాశాలలకు పెద్దదిక్కైన ఆరోగ్యవిశ్వవిద్యాలయము, ప్రజల పలుకుబడికై జీవితాంతము పోరాడిన కాళోజీ నారాయణరావు పేరు ధరించియున్నది. రోగి పేరు బయటపడకుండ, తెలుగులోనో, ఉర్దూలోనో, రోగి పలికిన భాషలోనే విద్యార్థిని వ్రాయనిండని, ఆ వ్రాతకు మార్కులు వేయుట మాని, అధ్యాపకుడు చదివి రెండు వాక్యములైనను బదులు వ్రాయవలెనని ఆ విశ్వవిద్యాలయ పెద్దలను వేడుచున్నాను.