చదువుకోవడం వేరటండీ, చదవడం వేరట!

మన తెలుగులో ఒక చిత్రం ఉంది, మీరెప్పుడైనా గమనించారా? నేను ఇంజనీరింగ్ పుస్తకం ముందేసుకుని కూర్చుంటే మా ఇంట్లో అందరూ “అమ్మాయి చదువుకుంటోంది, టీవీ సౌండ్ తగ్గించండి” అంటారు. అదే మా అమ్మ ఓ నవల పట్టుకుంటే “ఏదో చదువుతూ కూర్చుంది” అంటారు. చదివేది ఇద్దరమూ కళ్లతోనే. అయినా నా చదువుకి ఒక ‘కో’ తగిలింది, అమ్మ చదువుకి తగల్లేదు. పైగా ‘కూర్చుంది’ అని తోక ఒకటి.

వండటం, వండుకోవడం. కుట్టడం, కుట్టుకోవడం. ఆ ‘కో’ చేరితే తన కోసం చేసుకునే పని అని కదా అర్థం! మరి నేను చదివేది మార్కుల కోసం, క్యాంపస్ ఇంటర్వ్యూ కోసం, ఇంకా నిజం చెప్పాలంటే నాన్నగారి కోసం. ఇంట్లో అచ్చంగా తన కోసమే చదివే మనిషి అమ్మ ఒక్కతే. వ్యాకరణం ప్రకారం ఆ ‘కో’ ఆవిడకే చెందాలి. ఈ మాట నాయనమ్మతో అంటే “ఇంజనీరింగ్ చదవమని పంపిస్తే తెలుగు మాస్టారివై వచ్చావే” అంది.

సంక్రాంతి సెలవులకి తెనాలి వచ్చి పదిరోజులున్నాను లెండి. ఇంట్లో ఎవరు ఎప్పుడు, ఎంతసేపు, ఎలా చదువుతున్నారో కూర్చుని చూడటమే నా పని. నాన్నగారికి కాఫీతోపాటు పేపరు రావాలి. మొదటి పేజీ హెడ్డింగు నుంచి టెండరు ప్రకటనల దాకా గంట పడుతుంది. ఆ గంటలో ఎవరైనా పిలిస్తే “వాడు పేపరు చూస్తున్నాడు, ఉండండర్రా” అని నాయనమ్మ అడ్డం పడుతుంది. తమ్ముడు ఫోన్లో చదువుతున్నాడో, చూస్తున్నాడో ఆ పైవాడికే తెలియాలి. వాణ్నీ ఎవరూ కదపరు. నాయనమ్మకి చదువు రాదు. ఆవిడకి సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిది దాకా టీవీ సీరియల్స్. అప్పుడు టీవీకి అడ్డంగా నడిచినా తప్పే.

అమ్మ వంతు మధ్యాహ్నం రెండున్నరకి వస్తుంది. ఒకరోజు గడియారం చూసి మరీ లెక్కపెట్టాను. రెండున్నరకి పుస్తకం తీసి మూడుంపావుకి మూసేసింది. ఆ ముప్పావుగంటలో ఏడుసార్లు లేచింది. గ్యాస్ సిలిండర్ అబ్బాయి వచ్చి ఫోనుకొచ్చిన నంబరు చెప్పమన్నాడు. నాయనమ్మ బీపీ మాత్ర కనపడటం లేదంది, అది దిండు పక్కనే ఉంది. నాన్నగారు షాపు నుంచి ఫోన్ చేసి బీరువాలో ఏదో కాగితం మీద తేదీ చూడమన్నారు. అంట్లు తోమే అమ్మాయి వచ్చింది. ఎదురింటి పిన్నిగారు కరివేపాకు రెండు రెబ్బలు అడిగారు. తమ్ముడికి ఆకలి. ఏడోసారి మాత్రం మనుషులెవరూ పిలవలేదు, స్టవ్ మీద పాలు పిలిచాయి. మొత్తం చదివింది ఆరు పేజీలు. గుర్తుకి కిరాణా బిల్లు పెట్టి మూసింది. రాత్రి అన్నాల దగ్గర నాయనమ్మ అంది కదా, “మధ్యాహ్నమంతా చదువుతూ కూర్చుంది” అని! అమ్మ నవ్వి ఊరుకుంది. నాకు నవ్వు రాలేదు.

అమ్మ పుట్టిల్లు రేపల్లె. ఆవిడ ఇంటర్ చదివే రోజుల్లో వాళ్ల వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఉండేదట. ఒక్క రోజు ఆలస్యమైనా ఇంకో రోజు అద్దె పడుతుంది. అందుకని సాయంత్రం తెచ్చిన నవలని అమ్మ రాత్రికి రాత్రే పూర్తిచేసేది. తెల్లవారుజామున పిన్ని, పది దాటాక అమ్మమ్మ. అద్దె ఒకటి, చదివేవాళ్లు ముగ్గురు. యద్దనపూడి సులోచనారాణి, మాలతీ చందూర్, యండమూరి, మల్లాది, ఎవరు దొరికితే వాళ్లు. అమ్మ చదువయ్యేసరికి కేబుల్ టీవీ వచ్చేసింది. 1995లో ఈటీవీ మొదలయ్యాక మా రేపల్లె వీధిలో సాయంత్రాలే మారిపోయాయంటుంది. షాపతను కొన్నాళ్లు వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చాడు, తర్వాత సెల్ రీచార్జీలు చేశాడు. ఆ నవలలు ఏ తూకానికి వెళ్లాయో ఎవరికీ తెలియదు.

అప్పట్లో ఆ నవలల గురించి పెద్దవాళ్లు చులకనగానే మాట్లాడేవాళ్లట. ఆడవాళ్ల కాలక్షేపం, పనీపాటా లేనివాళ్ల కథలు అని. కానీ ఒక సంగతి చూడండి. ఆ కాలక్షేపం చేసే ఆడవాళ్ల కోసమే వారపత్రికలు పోటీలు పడ్డాయి. ఆడవాళ్ల పేరుంటే చాలు చదువుతారని మగ రచయితలు కొందరు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. సినిమావాళ్లయితే సరేసరి. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ అయింది. ఆవిడదే ‘ప్రేమనగర్’ 1971లో సినిమాగా వచ్చి, అప్పటికి దెబ్బతిని ఉన్న రామానాయుడిగారి కంపెనీని నిలబెట్టిందని సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత యద్దనపూడి ‘జీవన తరంగాలు’ 1973లో, ‘సెక్రటరీ’ 1976లో, రెండూ రామానాయుడిగారే తీశారు. అంటే వంటింటి గట్టు మీద పాలగిన్నె పక్కన తెరిచిపెట్టి చదివిన పుస్తకాలు స్టూడియోలకి అన్నం పెట్టాయన్నమాట. మరి చదివినవాళ్లకి మాత్రం “కూర్చుంది” అన్న పేరొచ్చింది!

ఓ మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ నేనూ అమ్మా నా ఫోన్లో ‘ప్రేమనగర్’ చూశాం. బిందె మీద ఫోన్ ఆనించి, మధ్యలో పళ్లెం పెట్టుకుని. అమ్మమ్మ కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో రేపల్లె నుంచి పాసింజరెక్కి తెనాలి వచ్చి చూసిందట ఈ సినిమా. నేను వాణిశ్రీ ముడి, చీరలు చూస్తున్నాను. అమ్మ మాత్రం ప్రతి సీనుకీ ఏదో వెతుక్కుంటున్నట్టు కనిపించింది. అడిగితే చెప్పింది.

“పుస్తకంలో ఆ పిల్ల ఒక మాట అనబోయి ఆగిపోతుంది చూడు, ఎందుకు ఆగిందో ఒక పేజీ ఉంటుంది. ఆ పేజీ మనదే. ఇక్కడ దానికి బదులు ఫిడేలు వాయిస్తారు.”

నాకు, అమ్మకి పడనిది ఇక్కడే. ఆత్రేయ రాసి మహదేవన్ బాణీ కట్టాక ఒక పేజీ పోతే మాత్రం ఏమైందంటాను నేను. “నీకు పోయిందేమిటో తెలియదు కనక అలా అంటావు” అంటుంది అమ్మ. ఇంకా తేలలేదు ఈ తగాదా.

పాత పుస్తకాలు అమ్మ బుర్రలో ఎంత పదిలంగా ఉన్నాయో నాకు చిన్నప్పుడే తెలిసింది. 2016లో ‘అ ఆ’ సినిమాకి వెళ్లాం. డబ్బున్న తల్లి కట్టడిలో పెరిగిన పిల్ల పల్లెలో బంధువులింటికి వెళ్లిందో లేదో, చీకట్లో అమ్మ “ఇది ‘మీనా’ కదే!” అంది. పక్కసీట్లో ఎవరో ఉష్ అన్నారు. ఆ పోలిక తర్వాత చాలామందే చెప్పుకున్నారు. 1973లో ఆ నవలనే విజయనిర్మల సినిమాగా తీశారని, తెలుగులో ఆవిడ దర్శకత్వం వహించిన మొదటి సినిమా అదేనని ఇంటికొచ్చేదాకా అమ్మ చెబుతూనే ఉంది. డిగ్రీ మధ్యలో ఆగిపోయిన మా అమ్మకి ఇన్ని తారీఖులు తెలుసని నాన్నగారు కూడా ఆరోజే విన్నారనుకుంటాను.

ఇక అసలు సంగతికొస్తాను. భోగికి నాలుగు రోజుల ముందు బూజులు దులుపుతుంటే అటక మీద రేకుపెట్టె ఒకటి బయటపడింది. నాలుగేళ్ల క్రితం అమ్మమ్మ పోయాక రేపల్లె ఇల్లు ఖాళీ చేసినప్పుడు తెచ్చిపెట్టిన పెట్టె. తెరిస్తే ఆరు బైండు పుస్తకాలు. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో పురికొస పోసి కుట్టినవి. పైన అట్టలకి పాత క్యాలెండర్లు. ఒకదాని మీద లక్ష్మీదేవి తలకిందులుగా ఉంది.

మీ ఇళ్లలోనూ ఇలాంటివి ఉండే ఉంటాయి. వాటిలో ఒక సరదా ఉంది. సీరియల్ పేజీకి రెండోవైపు ఏముంటే అది కూడా బైండులోకి వచ్చేస్తుంది. గోంగూర నిలవపచ్చడి పోపు దాకా వచ్చి ఆగిపోయింది, మిగతాది చింపని పేజీలో ఉండిపోయినట్టుంది. ఒక అల్లిక డిజైను సగం. జుట్టు రాలడం గురించి ప్రశ్న ఉంది, జవాబు లేదు.

“పాత కాగితాల బండి వస్తుంది, వేసెయ్యండి” అన్నారు నాన్నగారు. “భోగిమంటలో వేద్దాం, బాగా మండుతాయి” అన్నాడు తమ్ముడు. నాయనమ్మ “చెదలు పడితే తలుపులకీ పాకుతుంది” అంది. ఆ చివరి మాటలో నిజం లేకపోలేదు. అమ్మ ఏమీ అనలేదు. నిచ్చెన కింది మెట్టు మీద కూర్చుని మూడో బైండు తిరగేస్తోంది. అలా తిరగేస్తూ ఒకచోట ఆగిపోయింది.

అచ్చు పేజీల మధ్య ఒక రూళ్ల కాగితం కుట్టి ఉంది. అమ్మమ్మ చేతిరాత. ఆవిడ ఐదో తరగతి దాకా చదివింది, ఒత్తులు అక్కడక్కడా లేవు. ‘ఈ వారం పుస్తకం పక్కింటివారు తీసుకుపోయి తిరిగి ఇవ్వలేదు. ఆవిడ చెప్పిన ప్రకారం రాస్తున్నాను’ అని మొదలుపెట్టి పది పన్నెండు వరసల్లో ఆ వారం కథంతా రాసింది. అతను ఉత్తరం రాశాడు. ఈ పిల్ల చదవకుండానే చించేసింది. రైలెక్కి వెళ్లిపోయింది. కింద ఒక గీత గీసి, ఇంకో వరస: ‘చదివి చించవలసింది. నా అభిప్రాయం.’

అమ్మమ్మ ఫొటోలు మా దగ్గర చాలా ఉన్నాయి. ఆవిడ చేసిన ఆవకాయ జాడీ ఉంది. కానీ ఆవిడ అభిప్రాయం ఏమిటని ఏ విషయంలోనైనా ఇంట్లో ఎవరైనా అడిగారో లేదో నాకు తెలియదు. అడక్కుండానే రాసి, గట్టిగా కుట్టిపెట్టుకుంది. అమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, లేచి, “ఇవి వెళ్లవు” అంది. అంతే. గొంతు పెంచలేదు. నాన్నగారు ఏదో అనబోయి ఆగిపోయారు. (ఎందుకు ఆగారో ఆ పేజీ నేను రాయలేను.)

కాగితాల బండి మాత్రం వచ్చింది. అమ్మ నేరుగా నా గదిలోకి వెళ్లి ఎంసెట్ మెటీరియల్ బయటికి లాగింది. 2021లోనే ఆ పరీక్ష పేరు ఈఏపీసెట్ అయినా మా ఇంట్లో ఎంసెటే అంటాం. “ఇవి ఎవరైనా మళ్లీ చదువుతారా?” అంది. నేను చదవను. తమ్ముడు కామర్స్ తీసుకున్నాడు. 23 కిలోలు తూగాయి.

చెదల మాట నాయనమ్మ అంది కనుక దానికీ ఉపాయం చేశాం, మీకూ పనికొస్తుంది. పాత వారపత్రికల కాగితం చెక్కగుజ్జుతో చేసినది. వెలుతురు, గాలి తగిలితే పచ్చబడి పెళుసెక్కుతుంది. అందుకని ఎర్రటి ఎండలో పరవకండి. నీడలో, గాలి ఆడేచోట ఒక పూట విప్పి ఉంచి, మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. బాగా ఎండిన వేపాకు పలచటి గుడ్డలో మూటగట్టి పెట్టె మూలల్లో పెట్టండి. తడి ఆకు పెడితే బూజు పడుతుంది. ఊడిన అట్టలకి మైదాపిండి జిగురే రాశాం. జిగురుకి పురుగు రాకుండా చిటికెడు మైలుతుత్తం కలపడం పాత పద్ధతి. అది విషం, ఆ గిన్నె మళ్లీ వంటకి వాడకండి, పిల్లలకి అందనివ్వకండి. పెట్టెని గోడకి ఆనించకుండా రెండు ఇటుకల మీద ఎత్తుగా పెట్టాం.

పండగ మూడురోజులూ పోయాక, కనుమ మర్నాడు మధ్యాహ్నం రెండున్నరకి అమ్మ ఆ మూడో బైండు తీసింది. మందుల డబ్బా, సిలిండర్ కాగితం, అన్నీ నా పక్కన పెట్టుకుని గుమ్మంలో నేను కూర్చున్నాను. కాసేపటికి నాయనమ్మ వచ్చింది. మాత్ర కోసం కాదు. “ఆ ఉత్తరం చించిన పిల్ల ఏమైందే?” అంది. ఆరోజు నిచ్చెన దగ్గర అమ్మ పైకి చదివింది ఆవిడ చెవిన పడింది కాబోలు. అమ్మ మొదటి నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. నాలుగో రోజు సాయంత్రం ఆరున్నర దాటినా టీవీ పెట్టలేదంటే చూసుకోండి.

వచ్చిన చిక్కల్లా ఒకటే. ఆ బైండుకి మొదటి పేజీలు లేవు, నవల పేరు, రాసినావిడ పేరు తెలియవు. ఆఖరి పేజీ కింద ‘ఇంకా ఉంది’ అని ఉంది, తర్వాతిది మిగతా ఐదు బైండ్లలో ఎక్కడా దొరకలేదు. కథానాయిక పేరు సుజాత. ట్యూషన్లు చెప్పుకునే పిల్ల. చించిన ఉత్తరం ముక్కలు పారెయ్యకుండా హ్యాండ్‌బ్యాగులో వేసుకుని రైలెక్కింది. గూడూరు స్టేషన్లో రైలు ఆగింది. అక్కడిదాకా మా దగ్గరుంది. తర్వాతది మీలో ఎవరైనా చదివి ఉంటే పత్రిక అడ్రసుకి ఒక కార్డు ముక్క రాయండి. నేను హాస్టల్‌కి వచ్చేశాను గానీ, రోజూ రాత్రి ఫోన్లో నాయనమ్మ అడుగుతోంది.